పదో స్థానం దాటని సింగిళ్లు, రెండో స్థానం దిగని ఆల్బమ్‌లు
హన్మకొండలో జరిగిన సంగీత సభలో చేసిన ప్రసంగ పాఠం

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, సభలో ఉన్న పాటగాళ్లకూ పాట ప్రియులకూ నమస్కారం.

ఇంగ్లండులోని మాంచెస్టర్ నగరంలో 1982లో పుట్టి 1987లో విడిపోయిన ది స్మిత్స్ అనే బృందం వెలువరించిన రికార్డుల గురించి, అవి బ్రిటన్ అమ్మకాల చార్టుల్లో అందుకున్న స్థానాల గురించి ఈ సాయంత్రం మాట్లాడతాను. హన్మకొండలో ఈ అంశం ఎందుకని కొందరు మిత్రులు అడిగారు. వరంగల్, కరీంనగర్, జగిత్యాల ప్రాంతాల్లో సొంతంగా పాట రాసుకొని, బాణీ కట్టుకొని, ఊళ్లోనే చిత్రీకరించి, సినిమా కంపెనీల ప్రమేయం లేకుండా యూట్యూబ్ ద్వారా జనంలోకి పంపుతున్న యువతీయువకులు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వాళ్ల పాట ఎంత దూరం వెళ్లిందన్న చర్చ మన మధ్య తరచూ వస్తుంది, వ్యూస్ లెక్క దగ్గరే ఆగిపోతుంది. నలభై ఏళ్ల కిందట ఒక చిన్న కంపెనీని నమ్ముకొని పాటలు విడుదల చేసిన నలుగురు కుర్రవాళ్ల లెక్కలను దగ్గరగా చూస్తే, అలాంటి అంకె ఎట్లా తయారవుతుందో, దేన్ని పట్టుకుంటుందో, దేన్ని వదిలేస్తుందో తెలుస్తుంది. చార్టు స్థానాన్ని ఆ రికార్డు ఎప్పుడు, ఏ రూపంలో, ఎవరి చేతుల మీదుగా అంగడికి చేరిందన్న వివరంతో కలిపి చదవాలని నా అభిప్రాయం. స్మిత్స్ విషయంలో ఆ అవసరం మరీ ఎక్కువ.

బృందంలో నలుగురు. పాట రాసి పాడేవాడు మోరిస్సీ. గిటార్ వాయిస్తూ బాణీలు కట్టేవాడు జానీ మార్. బేస్ గిటార్ ఆండీ రూర్క్‌ది, డ్రమ్స్ మైక్ జాయిస్‌వి. పాటల రచన మీద మోరిస్సీ, మార్‌ల పేర్లే ఉండేవి. ఈ వివరాన్ని గుర్తుంచుకోండి, చివర్లో దీనితో పని పడుతుంది.

వాళ్ల రికార్డులు వేసిన కంపెనీ రఫ్ ట్రేడ్. 1976లో జెఫ్ ట్రావిస్ పశ్చిమ లండన్‌లో తెరిచిన రికార్డుల దుకాణం అది. రెండేళ్లకు సొంతంగా రికార్డులు వేయడం మొదలుపెట్టింది, ఆ తరువాత దేశంలోని ఇతర చిన్న దుకాణాలతో చేతులు కలిపి సొంత పంపిణీ వ్యవస్థను నిర్మించుకుంది. అప్పట్లో బ్రిటన్‌లో రికార్డుల ముద్రణ, రవాణా, దుకాణాలకు సరఫరా చాలా వరకు కొద్దిపాటి పెద్ద కంపెనీల చేతుల్లో ఉండేవి. ఆ దారిలో వెళ్లని రికార్డులకు ప్రత్యేకంగా ఒక చార్టు 1980 జనవరిలో మొదలైంది. దాన్నే ఇండీ చార్టు, అంటే ఇండిపెండెంట్ లేదా స్వతంత్ర కంపెనీల చార్టు అన్నారు. అందులో చేరడానికి సంగీతం ఏ తీరుగా ఉండాలన్న షరతు ఏదీ లేదు, పంపిణీ పెద్ద కంపెనీల ద్వారా జరగకపోతే చాలు. అందుకే కొన్నేళ్ల తరువాత పీడబ్ల్యూఎల్ అనే రికార్డు సంస్థ నుంచి వచ్చిన ఆస్ట్రేలియా గాయని కైలీ మినోగ్ నాట్య గీతాలు కూడా ఆ చార్టులో అగ్రస్థానానికి వెళ్లాయి. ఇండీ పాప్ అనే మాట ఒక శైలికి పేరుగా స్థిరపడడం వెనక స్మిత్స్ ప్రభావం చాలా ఉంది, కాని చార్టు మాత్రం బండి ఏ దారిన వచ్చిందన్నదే చూసింది.

ఇక అసలు చార్టు. 1983 జనవరి నుంచి బ్రిటన్ జాతీయ చార్టును తయారుచేసే బాధ్యత గాలప్ సంస్థది. ఎంపిక చేసిన కొన్ని వందల దుకాణాల్లో జరిగిన అమ్మకాలను యంత్రాల ద్వారా సేకరించి, వాటి ఆధారంగా దేశం మొత్తం అమ్మకాన్ని అంచనా కట్టేవారు. మన ఎనుమాముల మార్కెట్ యార్డు రిజిస్టరులో యార్డుకు వచ్చిన మిర్చి బస్తాలే ఎక్కుతాయి, కల్లంలోనే వ్యాపారి కొనుక్కొని పోయిన మిర్చికి అక్కడ లెక్క ఉండదు. నమూనాలో లేని చిన్న దుకాణాల్లో అమ్ముడుపోయిన రికార్డుల పరిస్థితి కూడా దాదాపు అదే. చిన్న కంపెనీల సరుకు ఎక్కువగా అమ్ముడయ్యేది అలాంటి దుకాణాల్లోనే అని గమనిస్తే, స్మిత్స్ అంకెలను కొంచెం జాగ్రత్తగా ఎందుకు చూడాలో తెలుస్తుంది. మన పెద్దవాళ్లకు రేడియో సిలోన్‌లో 1952లో మొదలైన బినాకా గీత్‌మాలా గుర్తుండే ఉంటుంది. అమీన్ సయానీ గొంతులో వినిపించిన ఆ వరుస వెనక కూడా రికార్డుల అమ్మకాలు, శ్రోతల సంఘాల అభ్యర్థనలు ఉండేవి. ఎవరి లెక్క చేరింది, ఎవరి లెక్క చేరలేదు అన్న ప్రశ్న అక్కడా ఉన్నదే.

సింగిల్ అంటే ముందు వైపు ఒక ప్రధాన పాట, వెనక వైపు మరో పాటో రెండో వేసి విడిగా అమ్మే రికార్డు. స్మిత్స్ మొదటి సింగిల్ 'హ్యాండ్ ఇన్ గ్లవ్' 1983 మే నెలలో వచ్చింది. జాతీయ చార్టులో మొదటి వందలో కూడా దానికి చోటు దొరకలేదు. ఇండీ చార్టులో మాత్రం అది నెలల తరబడి నిలిచింది. అదే ఏడాది చివర్లో వచ్చిన 'దిస్ చార్మింగ్ మ్యాన్' 25వ స్థానానికి చేరింది, బీబీసీ టెలివిజన్‌లోని టాప్ ఆఫ్ ది పాప్స్ కార్యక్రమంలో వాళ్లకు మొదటిసారి చోటు సంపాదించిపెట్టింది. మోరిస్సీ చేతిలో పూల గుత్తి పట్టుకొని పాడిన ఆ ప్రదర్శనను బ్రిటన్‌లో ఒక తరం ఇప్పటికీ తలుచుకుంటుంది. 1984 జనవరిలో వచ్చిన 'వాట్ డిఫరెన్స్ డజ్ ఇట్ మేక్?' 12వ స్థానానికి ఎక్కింది. ఆ రోజుల్లో ఇండీ చార్టులోని మొదటి మూడు స్థానాల్లోనూ ఈ మూడు సింగిళ్లే ఉన్నాయి. తొలి పాట విడుదలై ఏడాది కూడా తిరగకముందే దక్కిన గౌరవం ఇది.

ఫిబ్రవరిలో వాళ్ల పేరుతోనే తొలి ఆల్బమ్ వచ్చింది. దాన్ని మొదట ట్రాయ్ టేట్ పర్యవేక్షణలో రికార్డు చేసి, తృప్తి కలగక పక్కన పెట్టి, జాన్ పోర్టర్‌తో మళ్లీ చేశారు. డబ్బు తక్కువగా ఉన్న కంపెనీ, పేరు ఇంకా రాని బృందం కలిసి చేసిన పనిని వదులుకొని మళ్లీ మొదలుపెట్టడం చిన్న సాహసం కాదు. ఆల్బమ్ 2వ స్థానానికి చేరింది.

ఇక్కడి నుంచి ఈ బృందం చరిత్రలో ఒక విచిత్రమైన తేడా కనిపిస్తుంది. కలిసి ఉన్నన్ని రోజులూ వాళ్ల సింగిల్ ఏదీ 10వ స్థానాన్ని మించి పైకి పోలేదు. ఆ పదో స్థానం కూడా రెండే పాటలకు దక్కింది, 1984లో 'హెవెన్ నోస్ ఐయామ్ మిజరబుల్ నౌ'కు, 1987లో 'షీలా టేక్ ఎ బౌ'కు. స్టూడియో ఆల్బమ్‌లు నాలుగు వస్తే వాటి స్థానాలు వరుసగా 2, 1, 2, 2. ఒకే బృందం, ఒకే శ్రోతలు, ఒకే కంపెనీ. అయినా ఇంత అంతరం ఎందుకు?

సింగిల్ పైకి ఎక్కాలంటే అభిమానులు కొంటే సరిపోదు, రేడియోలో విని ఇష్టపడిన మామూలు జనం కూడా కొనాలి. బీబీసీ రేడియోలో జాన్ పీల్, డేవిడ్ జెన్సన్ వంటి వ్యాఖ్యాతలు స్మిత్స్‌ను మొదటి నుంచీ ఆదరించారు, కాని వాళ్ల కార్యక్రమాలు సాయంత్రం, రాత్రి వేళల్లో వచ్చేవి. పగటిపూట రేడియోలో ఈ పాటలకు అంత చోటు లేదు. ప్రచార వీడియోలు తీయడం మీద బృందానికి మొదట్లో ఆసక్తి లేదు. అభిమానులు విడుదలైన మొదటి వారమే వెళ్లి కొనేసేవారు కాబట్టి సింగిల్ త్వరగా పైకి లేచి, అంతే త్వరగా కిందికి దిగేది. ఆల్బమ్‌కు మాత్రం అంత మామూలు జనం అవసరం లేదు. నమ్మకంగా కొనే శ్రోతలు దేశమంతటా తగినంత మంది ఉంటే, ఒక వారంలో వాళ్లంతా కలిసి దాన్ని శిఖరానికి చేర్చగలరు. స్మిత్స్‌కు అలాంటి శ్రోతలు ఉన్నారు. వాళ్లను సంపాదించుకోవడమే ఈ బృందం సాధించిన అసలు విజయమని నేను నమ్ముతాను.

ఆ శ్రోతల పట్ల వాళ్లు చూపిన మర్యాదను కూడా చెప్పాలి. 'హెవెన్ నోస్ ఐయామ్ మిజరబుల్ నౌ', 'షేక్స్‌పియర్స్ సిస్టర్', 'పానిక్', 'ఆస్క్', 'షీలా టేక్ ఎ బౌ' వంటి సింగిళ్లు ఏ స్టూడియో ఆల్బమ్‌లోనూ లేవు. సింగిల్ కొన్నవాడు అదే పాటకు ఆల్బమ్‌లో రెండోసారి డబ్బు పెట్టనక్కరలేదు. 1984 నవంబరులో బీబీసీ కోసం పాడిన పాటలను, కొన్ని సింగిళ్లను, వాటి వెనక వైపు పాటలను కూర్చి 'హాట్‌ఫుల్ ఆఫ్ హాలో' అనే సంకలనాన్ని తక్కువ ధరకు అమ్మారు, 3.99 పౌండ్ల కంటే ఎక్కువ ఇవ్వవద్దని అట్ట మీదే అచ్చు వేశారు. అది 7వ స్థానానికి చేరింది. తొలి ఆల్బమ్‌లోని రూపాల కంటే ఇందులోని రేడియో రూపాలే సజీవంగా ఉన్నాయని చాలామంది అంటారు, నేనూ వాళ్లలో ఒకణ్ణి.

'హౌ సూన్ ఈజ్ నౌ?' గురించి కొంచెం ఆగి చెప్పాలి. వణుకుతున్నట్టు మోగే గిటార్ ధ్వనితో, సుమారు ఏడు నిమిషాల నిడివితో ఉన్న ఆ పాట 1984 ఆగస్టులో వేరొక సింగిల్‌కు చెందిన పన్నెండు అంగుళాల రికార్డు వెనక వైపు వచ్చింది. తరువాత సంకలనంలో చేరింది. జనం దాన్ని కోరి కోరి వింటున్నారని తెలిశాక 1985 ఆరంభంలో దాన్నే ముందు వైపు వేసి సింగిల్‌గా విడుదల చేశారు. అప్పటికే అభిమానుల ఇళ్లలో ఆ పాట రెండు రూపాల్లో ఉంది. అది 24వ స్థానం దగ్గర ఆగిపోయింది. ఈ రోజు స్మిత్స్ పేరు చెప్పగానే ఎక్కువ మందికి గుర్తొచ్చే పాటల్లో ఇది ఒకటి. దాని చార్టు స్థానాన్ని ఒంటరిగా చదివేవాడు అదొక మధ్యరకం పాట అనుకుంటాడు. విడుదలల క్రమం తెలిసినవాడికి మాత్రం ఆ అంకె వెనక ఉన్నది శ్రోతల నిరాదరణ కాదని వెంటనే అర్థమవుతుంది.

1985 ఫిబ్రవరిలో రెండో ఆల్బమ్ 'మీట్ ఈజ్ మర్డర్' అగ్రస్థానానికి చేరింది. అది పక్కకు తప్పించిన ఆల్బమ్ అమెరికా గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 'బార్న్ ఇన్ ది యూఎస్ఏ'. ప్రపంచమంతటా బలగం ఉన్న పెద్ద కంపెనీ సరుకును ఒక చిన్న కంపెనీ, సొంతంగా అల్లుకున్న పంపిణీ వ్యవస్థతో వారం పాటు దాటగలిగింది. అదే ఏడాది ఆ ఆల్బమ్ నుంచి తీసిన 'దట్ జోక్ ఈజంట్ ఫన్నీ ఎనీమోర్' సింగిల్ 49వ స్థానంలోనే ఆగింది. ఆల్బమ్ ఉన్నవాడు మళ్లీ సింగిల్ ఎందుకు కొంటాడు?

తరువాత కంపెనీతో తగాదా వచ్చింది. 1985 చివరికే సిద్ధమైన మూడో ఆల్బమ్ 'ది క్వీన్ ఈజ్ డెడ్' న్యాయ వివాదం వల్ల 1986 జూన్ దాకా బయటికి రాలేదు. వచ్చాక 2వ స్థానం. అందులోని 'దేర్ ఈజ్ ఎ లైట్ దట్ నెవర్ గోస్ అవుట్' పాటను బృందం ఉన్న రోజుల్లో సింగిల్‌గా వేయనే లేదు. కాబట్టి ఆనాటి సింగిళ్ల చార్టులో దానికి ఏ స్థానమూ లేదు. 2013లో బ్రిటన్ సంగీత పత్రిక ఎన్ఎంఈ ఆల్‌టైమ్ ఉత్తమ ఆల్బమ్‌ల జాబితాలో 'ది క్వీన్ ఈజ్ డెడ్'కు మొదటి స్థానం ఇచ్చింది. అమెరికాలో మాత్రం సైర్ కంపెనీ ద్వారా వెలువడిన ఈ ఆల్బమ్ బిల్‌బోర్డు జాబితాలో 70వ స్థానాన్ని దాటలేదు. అక్కడ వాళ్ల ఆదరణ కాలేజీ రేడియోల చుట్టూ పెరిగింది.

1987 ఫిబ్రవరిలో 'ది వరల్డ్ వోంట్ లిజన్' సంకలనం 2వ స్థానానికి వచ్చింది. ఆ వేసవిలో జానీ మార్ బృందాన్ని వదిలిపెట్టాడు. సెప్టెంబరులో చివరి ఆల్బమ్ 'స్ట్రేంజ్‌వేస్, హియర్ వుయ్ కమ్' వెలువడేసరికి దాన్ని వేదిక మీద పాడడానికి బృందమే లేదు. అదీ 2వ స్థానమే. మరుసటి ఏడాది కచేరీ రికార్డింగు 'ర్యాంక్' కూడా అంతే.

1991లో రఫ్ ట్రేడ్ ఆర్థికంగా కూలిపోయింది. స్మిత్స్ పాటల హక్కులు వార్నర్ వంటి భారీ కంపెనీ చేతికి వెళ్లాయి. 1992లో ఆ కంపెనీ వేసిన ఉత్తమ గీతాల సంకలనం మొదటి భాగం అగ్రస్థానానికి చేరింది. మళ్లీ విడుదలైన 'దిస్ చార్మింగ్ మ్యాన్' 8వ స్థానానికి ఎక్కింది. సింగిళ్లలో స్మిత్స్ అందుకున్న అత్యున్నత స్థానం అదే. తొమ్మిదేళ్ల కిందట రఫ్ ట్రేడ్ పంపినప్పుడు 25 దగ్గర ఆగిన పాట అది. పాట మారలేదు, గొంతు మారలేదు. మధ్యలో బృందం పేరు పెరిగిందన్నది నిజమే, దానికి పెద్ద కంపెనీ ప్రచారం, ప్రతి దుకాణానికీ సరుకు చేర్చగల శక్తి తోడయ్యాయి. ఇండీ బృందాల్లో ఎంతో పేరున్న ఈ బృందానికి సింగిళ్ల చార్టులో దక్కిన అతిపెద్ద ఘనత ఇండీ దారిలో రాలేదన్నది నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం.

ఇప్పుడు మొదట చెప్పిన వివరానికి వస్తాను. రచయితల రాయల్టీ మోరిస్సీ, మార్‌లదే, అందులో వివాదం లేదు. రికార్డింగులు, కచేరీల ఆదాయంలో కూడా వాళ్లిద్దరూ చెరో 40 శాతం తీసుకొని, రూర్క్, జాయిస్‌లకు చెరో 10 శాతం ఇచ్చారు. ఈ పంపకం గురించి స్పష్టమైన రాతపూర్వక ఒప్పందం లేదు. జాయిస్ కోర్టుకు వెళ్లాడు. 1996లో లండన్ హైకోర్టు అతన్ని సమాన భాగస్వామిగా గుర్తించి 25 శాతం వాటా ఇవ్వాలని తీర్పు చెప్పింది. రూర్క్ అంతకు ముందే కొద్ది మొత్తానికి రాజీపడ్డాడు, 2023లో మరణించాడు. మన దగ్గర డప్పు కొట్టినవాడికి, కోరస్ పాడిన అమ్మాయికి, ఎడిటింగ్ చేసినవాడికి పాట ఆదాయంలో ఎంత వాటా అన్న మాట పాట విడుదలయ్యాక, వ్యూస్ లక్షలు దాటాక గాని రాదు. తెలంగాణ ఉద్యమ కాలంలో ధూంధాం పాటల వేదికల దగ్గర చేతులు మారిన క్యాసెట్లు, సీడీల లెక్క ఏ చార్టూ రాసిపెట్టలేదు, వాటి మీద కోరస్ పాడినవాళ్ల పేర్లు కూడా చాలా వరకు లేవు. ఈ సభలో ఉన్న బృందాల వారు తమ రికార్డింగులకు విడుదల తేదీ, పాల్గొన్నవారి పేర్లు, వాటాలు ఒక పుస్తకంలో రాసి పెట్టుకోవాలని చేతులు జోడించి కోరుతున్నాను.

కొద్ది నిమిషాల్లో నిర్వాహకులు మూడు రికార్డింగులు వినిపిస్తారు. మొదటిది 'హ్యాండ్ ఇన్ గ్లవ్', 1983 నాటి సింగిల్ రూపం. రెండోది 'హౌ సూన్ ఈజ్ నౌ?', పన్నెండు అంగుళాల రికార్డు మీది పూర్తి నిడివితో. మూడోది 'దేర్ ఈజ్ ఎ లైట్ దట్ నెవర్ గోస్ అవుట్'. రెండో పాటలో గిటార్ మీదే ధ్యాస పోతుంది, దయచేసి జాయిస్ డ్రమ్స్‌నూ రూర్క్ బేస్‌నూ కూడా వినండి. పాటలయ్యాక మీ ప్రశ్నలు తీసుకుంటాను.