సగం పేను లెక్క

హోస్ట్: నమస్తే అండీ. ఈసారి మన కబుర్లు పేల గురించి. అప్పుడే తల గోక్కోకండి, ఇవి సాల్మన్ చేపలకు పట్టే పేలు. సముద్రంలో వలలు కట్టి పెంచే చేపల నుంచి బయట తిరిగే చేపలకు ఇవి ఎలా పాకుతున్నాయి, ఎలా ఆపుతున్నారు అన్నది చూద్దాం. నార్వేలో సాల్మన్ ఫారాల్లో కొన్నేళ్లు పనిచేసిన చేపల డాక్టర్ మనతో ఉన్నారు. మేడమ్, అసలది పేనేనా?

అతిథి: పేరుకే పేనండీ. నిజానికి రొయ్యలు, పీతల బంధువు. ఆడది సుమారు సెంటీమీటరు ఉంటుంది. వెనకాల రెండు దారాలు వేలాడుతుంటాయి, అవి గుడ్ల సరాలు. ఈపులనుకోండి. ఒక్కో జతలో కొన్ని వందల గుడ్లు ఉంటాయి. అవి పొదిగాక మళ్లీ ఇంకో జత పెడుతుంది. చేప ఒంటి మీది జిగురు, చర్మం, రక్తం, అదే దాని తిండి.

హోస్ట్: దానికే చేప చచ్చిపోతుందా?

అతిథి: నాలుగైదు కిలోల చేపైతే పది పేలు పట్టినా తట్టుకుంటుంది. నదిలో పుట్టి మొదటిసారి సముద్రంలోకి దిగే పిల్ల ఉంటుంది, స్మోల్ట్ అంటారు. బరువు 20 గ్రాములో, ఇంకా తక్కువో. దానికి అదే పది పడితే బతకడం కష్టం. చర్మం చిల్లులు పడితే ఒంట్లో ఉప్పు ఎంత ఉండాలో అదుపు చేసుకోలేదు.

హోస్ట్: ఫారాలు రాకముందూ పేలు ఉండేవి కదా?

అతిథి: ఎందుకుండవు? ఫారం చేపలకు మొదట అంటించింది బయటి చేపలే. కాకపోతే ప్రకృతిలో ఒక విరామం ఉండేది. పెద్ద చేపలు గుడ్లు పెట్టడానికి నదులెక్కితే మంచినీటిలో పేలు రాలిపోతాయి. చలికాలంలో తీరం దగ్గర పేలు పట్టుకుని బతకడానికి చేపలు ఎక్కువగా ఉండవు. వసంతంలో పిల్లలు దిగేసరికి దారి దాదాపు ఖాళీగా ఉండేది. ఇప్పుడు ఏడాది పొడవునా ఒకే చోట లక్షల చేపల్ని నిలబెట్టాం. పేనుకు పెత్తనమిస్తే తలంతా కొరికిందంటారే, అదే జరిగింది.

హోస్ట్: మధ్యలో వల ఉంది కదండీ?

అతిథి: వల చేపను ఆపుతుంది, నీటిని ఆపదుగా. పొదిగిన పేను పిల్ల కంటికి సరిగా ఆనదు. మొదటి కొన్ని రోజులు దేనికీ అంటుకోదు, కడుపులో ఉన్న సొనతోనే బతుకుతూ నీటిలో కొట్టుకుపోతుంది. చేపను పట్టుకునే దశకు వచ్చేలోపు పదుల కిలోమీటర్లు పోగలదు. అందుకే అది పుట్టిన ఫారం ఎక్కడో ఉంటుంది, దెబ్బ తినే నది ఇంకెక్కడో ఉంటుంది.

హోస్ట్: దీనికి నార్వేలో రూల్ ఉండే ఉంటుంది.

అతిథి: ఉంది. చేపకు సగటున 0.5 కంటే తక్కువ పెద్ద ఆడ పేలు ఉండాలి. స్మోల్ట్‌లు దిగే వారాల్లో, అంటే దక్షిణాన ఏప్రిల్, మేలలో, ఉత్తరాన ఇంకాస్త ఆలస్యంగా, 0.2.

హోస్ట్: సగం పేను! వినడానికి భలే శుభ్రంగా ఉంది.

అతిథి: నేనూ అలాగే మురిసిపోయాను. ఒక్క కేజ్‌లో, అంటే ఒక్క వల గూటిలో, 2,00,000 చేపల దాకా ఉంచొచ్చు. సగం చొప్పున లెక్కేయండి, 1,00,000 ఆడ పేలు. 0.2 అన్నా 40,000. ఒక్కో దానికి వందల గుడ్లు. ఫారంలో అలాంటి కేజ్‌లు ఒకటి కాదు, చాలా ఉంటాయి. బయట ఈదే పిల్లకు మీ సగటుతో పనేంటి? దానికి తగిలేది మొత్తం.

హోస్ట్: ఆ సగటు ఎలా తీస్తారు?

అతిథి: కొన్ని చేపల్ని పట్టి మత్తుమందు కలిపిన తొట్టిలో వేస్తాం. ఒక్కోదాన్ని తిప్పి వీపు, పొట్ట, రెక్కల వెనక చూడాలి. మొదట్లో ఒకసారి 20 చేపలు చూసి ఎనిమిది ఆడ పేలని రాశాను, అంటే 0.4. పక్కనున్న పెద్దాయన ఏమీ అనకుండా తొట్టి వంచి నీళ్లు జల్లెడలో పోశాడు. అడుగున ఇంకో నాలుగు దొరికాయి! చేపను పట్టి లాగే హడావుడిలో కొన్ని రాలిపోతాయి, వాటినీ కలపాలి. 0.6 అయింది. ఆ నాలుగింటితో వారమంతా టెన్షన్.

హోస్ట్: హద్దు దాటితే ఏం చేస్తారు?

అతిథి: ఒకప్పుడు మేతలో మందు కలిపితే సరిపోయేది. వాడగా వాడగా పేలు దానికి అలవాటు పడ్డాయి. ఇప్పుడు చేపల్ని పడవలోకి తోడి, 30 డిగ్రీలు దాటిన నీటిలో అర నిమిషం ముంచి తీసే పద్ధతి ఉంది. పేలు రాలతాయి, నిజమే. చల్లనీటి చేపకు అది నరకం, తట్టుకోలేక చచ్చేవీ ఉంటాయి. పేలను తినే లంప్‌ఫిష్ లాంటి చేపల్నీ కేజ్‌లో వదులుతారు. అవి తింటాయి కానీ, అవీ అక్కడ పెద్ద సంఖ్యలో చస్తున్నాయి. నాకది పరిష్కారంగా ఎప్పుడూ అనిపించలేదు. కెమెరాతో పేనును గుర్తుపట్టి కాల్చే లేజర్లు కూడా వచ్చాయి.

హోస్ట్: ఇవన్నీ ఫారం లోపలి సంగతులు. బయటి చేపల లెక్క ఎవరు చూస్తున్నారు?

అతిథి: 2017 నుంచి ట్రాఫిక్ లైట్ పద్ధతి పెట్టారు. తీరాన్ని 13 భాగాలు చేశారు. ఒక భాగంలో పేల వల్ల స్మోల్ట్‌లు 10 శాతం లోపే చస్తున్నాయని అంచనా వేస్తే పచ్చ, 10 నుంచి 30 అయితే పసుపు, 30 దాటితే ఎరుపు. పచ్చ పడితే ఉత్పత్తి 6 శాతం పెంచుకోవచ్చు, ఎరుపు పడితే 6 శాతం తగ్గించాలి.

హోస్ట్: అంటే ఒకరు శుభ్రంగా ఉన్నా, పక్కవాడి వల్ల ఇద్దరికీ కోత?

అతిథి: ఆ గొడవ అక్కడ మామూలే. శుభ్రంగా ఉండేవాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. అయినా నేను ఈ పద్ధతి వైపే. నీరు సరిహద్దు చూడదు కాబట్టి, ఫారాలన్నీ మాట్లాడుకుని ఒకేసారి పిల్లల్ని వేసి, ఒకేసారి ఖాళీ చేసి, కొన్నాళ్లు చేపల్లేకుండా ఉంచితేనే పేలకు తిండి దొరకదు. జేబుకు తగిలితేనే ఆ మాటలు మొదలవుతాయి.

హోస్ట్: వల తీసేసి గోడ కడితే?

అతిథి: కడుతున్నారు. పేను పిల్లలు ఎక్కువగా పై నీటిలో ఉంటాయి కాబట్టి లోతు నుంచి నీటిని తోడి, మూసిన కేజ్‌లోకి పంపుతారు. ఖర్చు ఎక్కువ, పంపు ఆగితే చేపలకు ఊపిరాడదు. కెనడా ఇంకో దారి పట్టింది. బ్రిటిష్ కొలంబియా తీరంలో సముద్రపు వలల్లో సాల్మన్ పెంపకం 2029 జూన్ 30కల్లా ఆపేస్తామని 2024లో ప్రకటించింది.

హోస్ట్: లెక్కపెట్టే పని ఇప్పుడు కెమెరాలకు ఇచ్చేశారా?

అతిథి: చాలాచోట్ల ఇస్తున్నారు, వలలోనే ఫొటో తీసి లెక్కేస్తాయి. తొట్టి అవసరం తగ్గుతోంది. నేను మాత్రం ఎక్కడ తొట్టి కనబడినా ముందు అడుగు చూస్తాను.