ప్రార్థనలో దొర్లే తప్పు, నైసీయలో దొరికే మాట

సండే స్కూలు టీచర్లకు, వాక్యం చెప్పే పెద్దలకు, అందరికీ వందనాలు.

ప్రార్థన కూటాల్లో తరచుగా వినబడే ఒక మాటతో మొదలుపెడతాను. "పరలోకమందున్న మా తండ్రీ, మా పాపాల కోసం సిలువలో ప్రాణం పెట్టినందుకు నీకు స్తోత్రం." ఎక్కడా తడబాటు ఉండదు. చుట్టూ ఉన్నవాళ్లు ఆమేన్ అనేస్తారు. కానీ సిలువలో ప్రాణం పెట్టింది తండ్రి కాదు, కుమారుడు. తండ్రి ఆయనను పంపాడు. ఆ ప్రార్థన చేసినాయన దుర్బోధకుడని నేను అనడం లేదు, నోటికి పట్టిన అలవాటు అంతే. అయితే పెద్దల అలవాటే పిల్లలకు పాఠమవుతుంది. అందుకే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురు, అయినా దేవుడు ఒక్కడే అన్న త్రిత్వ బోధను ఎలా పలకాలో చూద్దాం.

ఈ పొరపాటు వయసు పద్దెనిమిది వందల ఏళ్లు. మూడో శతాబ్దం మొదట్లో రోములో సబెల్లియస్ పేరు మీద ఒక బోధ నడిచింది. దేవుడు ఒక్కడే, ఆయనే ఒకసారి తండ్రిగా, ఒకసారి కుమారుడిగా, ఒకసారి ఆత్మగా కనబడతాడన్నది దాని సారం. అదే నిజమైతే గెత్సేమనేలో యేసు "తండ్రీ" అని ఎవరిని పిలిచినట్టు? "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" అని ఎవరినుద్దేశించి కేక వేసినట్టు? ముగ్గురిని ఒకే నటుడి మూడు వేషాలుగా చూస్తే సువార్తల్లో సగం సంభాషణ నాటకంగా మిగులుతుంది.

ఇప్పుడు మన సండే స్కూలు ఉపమానాలు చూడండి. నీళ్లు, మంచుగడ్డ, ఆవిరి అంటాం. ఒకే మనిషి ఇంట్లో నాన్న, అమ్మకు కొడుకు, ఆఫీసులో క్లర్కు అంటాం. ఈ రెండూ అచ్చంగా సబెల్లియస్ బోధే, తెలియక చెప్తున్నాం. కోడిగుడ్డు ఉపమానం తప్పేది మరో వైపు. పెంకు ఒక్కటే గుడ్డు కాదు, సొన ఒక్కటే గుడ్డు కాదు, ఒక్కొక్కటీ ఒక భాగమే. తండ్రి దేవుడిలో మూడో వంతు అని మనం నమ్మం కదా. ఉపమానాలు మానేయమని అనను. వాడిన ప్రతిసారీ అది ఎక్కడ తెగుతుందో కూడా పిల్లలకు చెప్పండి. పదేళ్ల పిల్లలకు అది అర్థమవుతుంది. చాలాసార్లు పెద్దలకంటే ముందే.

సబెల్లియస్ ముగ్గురిని కలిపేస్తే, వందేళ్ల తర్వాత ఐగుప్తులోని అలెక్సంద్రియలో అరియుస్ అనే సంఘ పెద్ద వాళ్లను విడదీశాడు. ఆయనను దుర్మార్గుడిగా చూపించడం తేలిక, కానీ ఆయన వాదన తేలికైనది కాదు. దేవుడు ఒక్కడే, ఆయనకు మొదలు లేదు, కుమారుడు అంటే తండ్రి నుండి కలిగినవాడు, కలిగినవాడికి మొదలు ఉండాలి. కాబట్టి కుమారుడు లేని సమయం ఒకటి ఉండేదని తేల్చాడు. కుమారుడు సృష్టిలో మొదటివాడు, అందరికంటే గొప్పవాడు, అయినా సృష్టే. జనం నోట ఆడేలా దీన్ని పాటలుగా కట్టాడు. పాటలో దూరిన బోధను ప్రసంగంతో బయటికి లాగడం ఎంత కష్టమో మీలో పాటల పుస్తకం ముద్రించినవాళ్లకు తెలిసే ఉంటుంది.

325లో చక్రవర్తి కాన్‌స్టంటైన్ నైసీయలో బిషప్పుల సభ పిలిపించాడు. అది నేటి టర్కీలోని ఇజ్నిక్ ఊరు. వచ్చినవాళ్లు 318 మంది అని సంప్రదాయం. అబ్రాహాము వెంట వెళ్లినవాళ్ల లెక్క కూడా ఆదికాండము 14లో అంతే ఉంది, కాబట్టి ఆ సంఖ్యను కాస్త జాగ్రత్తగా తీసుకోవాలి. యేసు దేవుడా కాదా అని అక్కడ ఓటు వేసి తేల్చారని, బైబిల్లో ఏ పుస్తకాలు ఉండాలో అక్కడే నిర్ణయించారని వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. రెండూ తప్పే. సభ చేసిన 20 నియమాల్లో బైబిలు పుస్తకాల పట్టికే లేదు. ఇరవయ్యో నియమం ఆదివారం మోకరించకుండా నిలబడి ప్రార్థించమని చెప్తుంది. యేసును ఆరాధించడం అప్పటికే అన్ని సంఘాల్లో ఉంది, అరియుస్ పక్షం కూడా ఆరాధించింది. తేలాల్సింది ఏమిటంటే, ఆరాధన అందుకుంటున్న ఆయన సృష్టికర్త వైపున ఉన్నాడా, సృష్టి వైపున ఉన్నాడా?

సభ తన జవాబును ఒక విశ్వాస ప్రమాణంగా, అంటే అందరూ కలిసి ఒప్పుకునే మాటగా ఇచ్చింది. అందులో రెండు పదాల మీద కాసేపు ఆగుదాం. మొదటిది, ఆయన "జనించినవాడేగాని సృజింపబడినవాడు కాడు" అన్న మాట. సంఘాన్ని బట్టి అనువాదం కొద్దిగా మారుతుంది, భావం ఇదే. కుమ్మరి కుండ చేస్తాడు, కుమ్మరికి కొడుకు పుడతాడు. కుండ ఎంత అందంగా వచ్చినా మట్టే. కొడుకు ఎంత చిన్నవాడైనా మనిషే. చేసిన వస్తువుకు చేసినవాడి స్వభావం రాదు, పుట్టినవాడికి వస్తుంది. ఈ ఉపమానమూ ఒక చోట తెగుతుంది. కుమ్మరి కొడుకు కంటే ముందు పుట్టాడు, దేవునిలో ముందూ వెనకా లేవు. అందుకే ప్రాచీనులు సూర్యుడు, వెలుగు అన్న పోలికను దీనికి తోడు తెచ్చుకున్నారు. వెలుగు లేని సూర్యుడు ఏ క్షణంలోనూ లేడు. హెబ్రీ పత్రిక మొదటి అధ్యాయంలో "తేజస్సు", "ఆయన తత్వముయొక్క మూర్తిమంతము" అన్న మాటలు వాళ్లకు ఆధారం.

రెండోది "తండ్రితో ఏకస్వభావుడు" అన్న మాట. దీని గ్రీకు పదం బైబిల్లో లేదు. బైబిల్లో లేని పదాన్ని విశ్వాస ప్రమాణంలో పెట్టడం ఏమిటని ఆ రోజుల్లోనే చాలామంది నసిగారు. మరి ఎందుకు పెట్టారు? వాక్యంలోని ఏ మాట చూపించినా అరియుస్ పక్షం దానికి తమ అర్థం చెప్పుకుని ఒప్పుకునేది. ఈ ఒక్క పదానికి మాత్రం రెండో అర్థం చెప్పుకోలేకపోయింది. తర్వాత "పోలిన స్వభావం" అంటే సరిపోతుంది కదా అని రాజీ ప్రయత్నాలు జరిగాయి. గ్రీకులో ఆ రెండు పదాలకూ తేడా ఒకే ఒక్క అక్షరం. ఆ అక్షరాన్ని ఒప్పుకోనివారిలో ముందు నిలిచిన అథనాసియస్ నైసీయకు డీకనుగా, అంటే బిషప్పుకు సహాయకుడిగా వెళ్లి, 328లో అలెక్సంద్రియ బిషప్పు అయ్యాడు. అయిదుసార్లు దేశ బహిష్కారం, మొత్తం పదిహేడేళ్లు. ఆయన వాదన విశ్వాసి బతుకుకు సూటిగా తగులుతుంది. కుమారుడు సృష్టి అయితే మనం సృష్టిని పూజిస్తున్నాం, విగ్రహారాధన విడిచి వచ్చామని చెప్పుకోలేం. సృష్టి మనలను సృష్టికర్తతో కలపలేదు, దానికే ఒక మధ్యవర్తి కావాలి.

ఇంటింటికీ పుస్తకాలు పట్టుకొచ్చే యెహోవాసాక్షులు ఈ రోజు కూడా కొలొస్సయులకు 1:15 తెరుస్తారు. "సర్వసృష్టికి ఆదిసంభూతుడు." ఆది అంటే మొదట, సంభూతుడు అంటే పుట్టినవాడు, అంటే మొదటి సృష్టి అంటారు. వాదించకండి, రెండు చోట్లు చదవండి. పక్క వచనమే "సర్వమును ఆయనయందు సృజింపబడెను" అంటుంది. తర్వాత కీర్తన 89:27లో దేవుడు దావీదును "నా జ్యేష్ఠకుమారునిగా చేయుదును" అంటాడు. దావీదు యెష్షయి కొడుకుల్లో అందరికంటే చిన్నవాడు, ఏడుగురు అన్నలు సమూయేలు ముందు నడిచాక గొర్రెల దగ్గర నుంచి పిలిపించిన పిల్లవాడు. అక్కడ జ్యేష్ఠుడన్నది వారసుడి హోదాను చెప్పే మాట. కొలొస్సయులలోనూ అదే.

క్రిస్మస్ ప్రసంగాల్లో "అవతారం" అనే పదం వాడతాం. పదం మీద నాకు పగ లేదు, కానీ దానితోపాటు ఒక అర్థం వచ్చి కూర్చుంటుంది. అవతారం పని ముగిశాక చాలిస్తారు. యోహాను "శరీరధారియై" అన్నాడు, ఆ శరీరాన్ని ఆయన వదిలేయలేదు. పునరుత్థానం తర్వాత కాల్చిన చేప ముక్క తిన్నాడు. ఆరోహణమైన ఎన్నో ఏళ్లకు పౌలు తిమోతికి రాస్తూ మధ్యవర్తి "క్రీస్తుయేసను నరుడు" అన్నాడు. 451లో కల్కెదోను సభ దైవస్వభావం, మానవస్వభావం ఆ ఒక్క వ్యక్తిలో కలగలిసిపోక, మారిపోక, విడిపోక, వేరుకాక ఉన్నాయని నాలుగు వైపులా గిరి గీసింది. లోపల ఎలా ఉందో వివరించలేదు. అక్కడ ఆగడమే ఆ సభ తెలివి అనుకుంటాను.

ఇక పరిశుద్ధాత్మ. 325 నాటి ప్రమాణం "పరిశుద్ధాత్మను నమ్ముచున్నాము" అని ఒక్క ముక్కతో ముగిసింది. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ "ప్రభువు, జీవమిచ్చువాడు, తండ్రితోను కుమారునితోను ఆరాధింపబడువాడు" అన్న భావాన్ని చేర్చింది. నేడు సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) వారు, కతోలికులు చెప్పేది ఆ పొడిగించిన రూపానికి వచ్చిన అనువాదమే. తెలుగులో మనకో చిక్కు ఉంది. "ఆత్మ" అనగానే క్రియ దానంతట అదే "దిగింది, పనిచేసింది, కదిలించింది" అయిపోతుంది. ఆపైన "కరెంటు లాంటి శక్తి" అన్న ఉపమానం తోడవుతుంది. కరెంటును మనం వాడుకుంటాం, స్విచ్ మన చేతిలో ఉంటుంది. తెలుగు బైబిలు యోహాను 16:13లో "ఆయన" అంటుంది. ఎఫెసీయులకు 4:30 "దుఃఖపరచకుడి" అంటుంది, కరెంటును దుఃఖపరచడం ఎవరివల్లా కాదు. ఒక నెల రోజులు "ఆత్మ దేవుడు వచ్చాడు, పనిచేశాడు" అని పలికి చూడండి. మొదట్లో నాలుక తడబడుతుంది, తర్వాత ప్రార్థనలో అడిగే తీరు మారుతుంది.

మొదట చెప్పిన ప్రార్థనకు వద్దాం. యేసుకు ప్రార్థించడం తప్పు కాదు. స్తెఫను "యేసు ప్రభువా, నా ఆత్మను చేర్చుకొనుము" అన్నాడు. ఎవరితో మాట్లాడుతున్నామో చివరిదాకా గుర్తుంటే చాలు. "తండ్రీ, నీ కుమారుని మా కోసం అప్పగించినందుకు స్తోత్రం" అనండి, లేదా "యేసయ్యా, మా కోసం ప్రాణం పెట్టినందుకు స్తోత్రం" అనండి. ఎఫెసీయులకు 2:18లో ముగ్గురూ ఒకే వాక్యంలో ఉన్నారు, "ఆయన" ద్వారా, "ఒక్క ఆత్మయందు", "తండ్రిసన్నిధికి". పిల్లలకు త్రిత్వం చెప్పడానికి నీళ్ల గ్లాసు కంటే ఈ వచనం బాగా పనికొస్తుంది. మన అమ్మమ్మలు ప్రార్థన ముగించే తీరు చూడండి, "యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్." ఎవరిని అడుగుతున్నారో, ఎవరి పేరున అడుగుతున్నారో, రెండూ అందులో సరిగ్గా ఉన్నాయి.