చత్వారమా, ప్రెస్బయోపియానా?

యాంకర్: హలో, ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారమ్మా?

కాలర్: మల్కాజిగిరి నుంచి మేడం. నమస్తే డాక్టర్ గారూ. నాకు 44 ఏళ్లు, ఇంట్లోనే జాకెట్లు కుడతాను. రెండు నెలలుగా సూదిలో దారం ఎక్కట్లేదు, చెయ్యి చాపి దూరంగా పట్టుకుంటే బెజ్జం కనిపిస్తుంది గానీ అప్పుడు చెయ్యి కుదరదు. మా అత్తమ్మ చత్వారం అంటారు, పక్కింటి మరాఠీ ఆంటీ చాళిశీ అంటుంది, చూపించుకుంటే చీటీ మీద ప్రెస్బయోపియా అని రాశారు, కింద యాడ్ ప్లస్ 1.50 అని ఇంకోటి. ఇన్ని జబ్బులా అని ఒకటే టెన్షన్.

డాక్టర్: అన్నీ ఒకటేనమ్మా, అసలది జబ్బే కాదు. సంస్కృతంలో చత్వారింశత్ అంటే 40, మరాఠీలో చాళీస్ అన్నా 40, ఆ వయసు దాటాక వస్తుందని వయసునే పేరుగా పెట్టేశారు. ప్రెస్బయోపియా గ్రీకు నుంచి వచ్చింది, ముసలి కన్ను అని అర్థం. నాకు మన పేరే నచ్చుతుంది, 44 ఏళ్ల మనిషిని ముసలి అనడమేంటి! కంట్లో లెన్సు చిన్నప్పుడు మెత్తగా ఉండి, దగ్గరివి చూడగానే ఉబ్బుతుంది. వయసుతో గట్టిపడి ఆ పని చేయలేదు. యాడ్ అంటే దగ్గర చూపుకు అదనంగా కలిపే పవర్, అంతే.

కాలర్: అద్దాలు పెడితే సైటు పెరుగుతుందంటారు కదా?

డాక్టర్: పెట్టినా పెట్టకపోయినా 60 దాకా కొంచెం కొంచెం పెరిగేదే. పెట్టకపోతే తలనొప్పి మీకే. ఒక్క పని చేయండి, మిషన్ ముందు మామూలుగా కూర్చుని కంటికీ సూదికీ మధ్య దూరం మీ టేపుతోనే కొలిచి డాక్టరుకు చెప్పండి, చదవడానికి ఇచ్చిన పవర్ కుట్టడానికి సరిపోకపోవచ్చు.

కాలర్: అలాగేనండీ. మా అత్తమ్మకైతే 70 ఏళ్లకు చత్వారం పోయింది, ఈ మధ్య అద్దాల్లేకుండానే పంచాంగం చదువుతున్నారు.

డాక్టర్: చత్వారం వెనక్కి పోదమ్మా. దూరం ఎలా కనిపిస్తోంది?

కాలర్: బస్సు బోర్డు నన్నే చదవమంటున్నారు.

డాక్టర్: శుక్లం మొదలై ఉండొచ్చు, మోతిబిందు అంటారే, అదే. లెన్సు నడిమి భాగం చిక్కబడితే మైనస్ పవర్ వచ్చి దగ్గరివి కొన్నాళ్లు బాగా కనిపిస్తాయి. షుగర్ ఉందా?

కాలర్: ఉందండీ.

డాక్టర్: షుగర్ పెరిగినా ఇలా అవుతుంది. ఈ వారంలోనే తీసుకెళ్లండి, మెహదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది కదా. చుక్కల మందు వేస్తే కొన్ని గంటలు మసగ్గా ఉంటుంది, ఆవిణ్ని ఒంటరిగా పంపకండి.