జెయింట్ గుమ్మడికి చేత్తో పాలినేషన్: అసలు పని ముందురోజు సాయంత్రమే

నమస్కారం అండీ. టైము పొద్దున్న ఆరున్నర. కాలిఫోర్నియా బే ఏరియాలో మా పెరట్లో మంచు ఇంకా ఆరలేదు, మోకాళ్ల దాకా తడిసిపోయాను. ఈ గుడ్డ సంచి లోపల ఉన్న గుమ్మడి ఆడపువ్వుకి మగపువ్వు పుప్పొడి చేత్తో అద్దడానికే ఈ హడావిడంతా.

సంచి విప్పేముందు నిన్న సాయంత్రం తీసిన క్లిప్ చూడండి. ఇది ఆడమొగ్గ. కింద నిమ్మకాయంత పిందె ఉంది కదా, అదే గుర్తు. మగపువ్వుకి పిందె ఉండదు, పొడుగాటి సన్న కాడ మీద నిలబడుతుంది. మొగ్గ కొన పసుపు తిరిగి కాస్త వదులైతే మర్నాడు విచ్చుకుంటుంది. పచ్చగా బిగుసుకుని ఉంటే ఇంకా ఆగాలి. పసుపు తిరిగిన ఈ ఆడమొగ్గకి సంచి తొడిగి, మూతి దగ్గర దారం కట్టాను. అదే దశలో ఉన్న మగమొగ్గలు నాలుగు పొడుగు కాడతో కోసి వంటింట్లో గ్లాసు నీళ్లలో పెట్టాను. సంక్రాంతి గొబ్బెమ్మలకి పూలు దాచినట్టే, కాకపోతే ఇది జూన్ నెల!

మొదటి ఏడాది నాకీ సంచి సంగతి తెలియదు. కాఫీ తాగి ఎనిమిదింటికి తీరిగ్గా వచ్చేసరికి పువ్వులో తేనెటీగలు దొర్లుతున్నాయి. కాయ పడింది, బాగానే పెరిగింది. కానీ తండ్రెవరో తెలియదు! తండ్రెవరైనా ఈ ఏటి కాయకి తేడా ఉండదు, తేడా అంతా గింజల్లోనే. జెయింట్ గుమ్మడి పెంచేవాళ్లు గింజని కాయ తూకం, పెంచిన మనిషి ఇంటిపేరు, సంవత్సరంతో పిలుస్తారు. తల్లి ఏది, తండ్రి ఏది అని మన పెళ్లి సంబంధాల్లాగే ఆరా తీస్తారు. కెనడాలో నోవా స్కోషియా రైతు హోవార్డ్ డిల్ ఏళ్ల తరబడి ఇలా ఏరి ఏరి తయారుచేసిన రకమే అట్లాంటిక్ జెయింట్. మాకు దగ్గర్లోని హాఫ్ మూన్ బేలో జరిగే గుమ్మడి తూకం పోటీకి 2023లో మినెసోటా నుంచి ట్రావిస్ గింజర్ తెచ్చిన కాయ 1,247 కిలోలు తూగింది.

సరే, సంచి విప్పుతున్నాను. మధ్యలో ముద్దగా, గదులు గదులుగా ఉంది చూశారా? పుప్పొడి అంటాల్సింది అక్కడే. దీనికి అయిదు గదులున్నాయి. ఇప్పుడు మగపువ్వు రేకులు చించేస్తే లోపలి కాడ బ్రష్‌లా మిగులుతుంది. చేతులు పొడిగా ఉండాలి, తడిస్తే పుప్పొడి పనికిరాదు. గట్టిగా రుద్దకండి, బొట్టు పెట్టినట్టు అద్దండి. ఒక్క గది కూడా వదలొద్దు. ఒక పువ్వుతో సరిపెట్టకుండా నాలుగూ వాడేస్తున్నాను. అయిపోయింది, రెండు నిమిషాలు. వెంటనే సంచి మళ్లీ తొడగాలి, తేనెటీగలు కాచుకుని ఉన్నాయి.

ఎండ 32 డిగ్రీలు దాటే రోజైతే పైన గొడుగు పాతండి. వేడికి పిందె నిలవదు.

ఈ పువ్వు ప్రధాన తీగ మీద, మొదలు నుంచి పదకొండు అడుగుల దూరంలో ఉంది. నాకు పది అడుగులు దాటాకే నచ్చుతుంది, అప్పటికి పాదుకి సరిపడా ఆకు వస్తుంది. అయిదడుగుల దగ్గర వచ్చిన పిందెని తీసేయడానికి మనసొప్పలేదు కానీ, మా ఆవిడ పులుసులో వేసేసింది.

వారంలో పిందె నిగనిగలాడుతూ ఉబ్బితే పట్టినట్టే. పసుపెక్కి ముడుచుకుంటే పోయినట్టే. అందుకే రెండు మూడు పూలకి చేసి, చివరికి పాదుకి ఒక్క కాయే ఉంచుతాను. కాడ తీగకి అడ్డంగా, లంబకోణంలో ఉన్న కాయ మేలు. లేకపోతే కాయ ఉబ్బి తీగని నొక్కేస్తుంది. తీగని కొంచెం కొంచెంగా వంచి చోటు చేయొచ్చు, కానీ మధ్యాహ్నం పూట మాత్రమే. పొద్దున్న తీగ పెళుసుగా ఉంటుంది, పుటుక్కుమంటుంది.

ట్యాగ్ మీద జూన్ 28 అని రాశాను, కింద తల్లి, తండ్రి పేర్లు. అక్టోబరు తూకం పోటీకి వంద రోజుల పైనే ఉంది. ముందు వెళ్లి ఈ తడి సాక్సులు మార్చుకోవాలి.