దివాలా ఎరుగని కర్మాగారం

అందరికీ నమస్కారం.

మా నాన్నగారు స్కూటరుకు డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసిన సంగతి మా ఇంట్లో ఇప్పటికీ కథలా చెప్పుకుంటాం. ఇక్కడున్న పెద్దవాళ్లకు ఫోను గురించో గ్యాస్ కనెక్షన్ గురించో అలాంటి జ్ఞాపకం ఉండే ఉంటుంది. మన దగ్గర దానికి పెద్ద కారణం లైసెన్సులు. ఆ చర్చ ఇంకోరోజు. సామ్యవాద దేశాల్లో ఈ ఎదురుచూపులు ఎందుకు తీరవో జీవితమంతా వెతికిన హంగేరీ ఆర్థికవేత్త యానోష్ కోర్నాయ్ గురించి ఈరోజు చెబుతాను.

ఆయన 1928లో బుడాపెస్ట్‌లో యూదు కుటుంబంలో పుట్టారు. తండ్రిని నాజీలు ఆష్విట్జ్‌లో పొట్టనబెట్టుకున్నారు. యుద్ధం తర్వాత కోర్నాయ్ కమ్యూనిస్టు పార్టీ పత్రికలో చేరారు, గట్టి నమ్మకంతోనే. 1955లో ఆ ఉద్యోగం పోయింది, అప్పటికి నమ్మకమూ సడలింది. ఆ తర్వాత చేసిన పని నాకు ఎంతో ఇష్టం. పుస్తకాలు పక్కన పెట్టి, వినియోగ వస్తువుల పరిశ్రమల మేనేజర్ల దగ్గరకు వెళ్లి, మీ పని నిజంగా ఎలా నడుస్తుందో చెప్పమని అడిగారు.

వాళ్లు చెప్పుకొచ్చారు. ప్రభుత్వ ప్రణాళిక పెట్టిన లక్ష్యం నూటికి నూరు పూర్తయితే బోనస్. తొంభై తొమ్మిది దగ్గర ఆగితే లేదు. పోనీ నూట ఇరవై చేస్తే? వచ్చే ఏడాది లక్ష్యం అక్కడి నుంచే మొదలవుతుంది. అందుకే తెలివైన మేనేజరు నూటొకటి దగ్గర చేతులు దులుపుకుంటాడు. ఉత్పత్తిని విలువలో కొలుస్తారు కాబట్టి, ఖరీదైన ముడిసరుకు వాడితే లెక్కలో ఎక్కువ పని చేసినట్టు కనిపిస్తుంది. ఎవరూ దొంగలు కారు. లెక్కే అలా ఉంది. 1956 సెప్టెంబరులో ఈ పరిశోధన మీద బహిరంగ చర్చ జరిగింది. మరుసటి నెలలోనే హంగేరీలో కమ్యూనిస్టు పాలన మీద తిరుగుబాటు, దాన్ని అణచడానికి ఆ వెంటనే సోవియట్ ట్యాంకులు.

కొరత మీద ఆయన రాసిన పెద్ద గ్రంథం 1980లో వచ్చింది. ప్రణాళికా అధికారుల పొరపాట్ల వల్లే సరుకు చాలడం లేదని అప్పటిదాకా చాలామంది అనుకునేవారు. కోర్నాయ్ ఒప్పుకోలేదు. జీతగాడి ఇంట్లో నెలాఖరుకు డబ్బు అయిపోతే ఖర్చు ఆగుతుంది. ప్రభుత్వ కర్మాగారానికి అలా ఆగదు. నష్టం వస్తే సబ్సిడీ, కాకుంటే పన్ను మినహాయింపు, అదీ చాలకపోతే బ్యాంకు అప్పు. దీనికే ఆయన ‘మెత్తని బడ్జెట్ పరిమితి’ అని పేరు పెట్టారు. మనవాళ్లు అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు అంటారు కదా, అదే. మునిగినా ఎత్తేవాడు ఉన్నాడని తెలిసిన మేనేజరుకు ముడిసరుకు ఎంతున్నా తక్కువే. రేపు దొరకదేమోనని ఇవాళే పోగేస్తాడు. ఆ పోగేత వల్ల పక్క కర్మాగారానికి నిజంగానే దొరకదు. పెట్టుబడిదారీ కంపెనీ గోదాములో అమ్ముడుపోని సరుకు పేరుకుంటుంది. సామ్యవాద సంస్థ గోదాములో ముడిసరుకు పేరుకుంటుంది. గోదాము తలుపు తీసి చూస్తే వ్యవస్థ ఏమిటో తెలిసిపోతుందన్నమాట!

1980లలో సహ పరిశోధకురాలు ఆగ్నెష్ మాతిత్స్‌తో కలిసి హంగేరీ ప్రభుత్వ సంస్థల ఖాతాలు తిరగేశారు. సంస్థ సంపాదించిన లాభానికీ, ప్రభుత్వం పన్నులు తీసుకుని, సబ్సిడీలు ఇచ్చాక చివరికి మిగిలిన లాభానికీ దాదాపు పొంతనే లేదు.

1989లో వ్యవస్థ కూలుతున్నప్పుడు, ప్రభుత్వ ఆస్తులను కూపన్లుగా జనానికి పంచేయడాన్ని ఆయన వ్యతిరేకించారు. సొంత పెట్టుబడితో కింది నుంచి ఎదిగే ప్రైవేటు రంగమే నిలుస్తుందన్నారు. ధరలను, బడ్జెట్ లోటును అదుపు చేసే స్థిరీకరణ విషయంలో మాత్రం వేగం కావాలన్నారు. పదేళ్ల తర్వాత తన సలహాలను తానే పరీక్షకు పెట్టుకుని, ఆస్తుల విషయంలో తాను సరిగ్గానే చెప్పాననీ, స్థిరీకరణ విషయంలో కొంత తప్పాననీ రాశారు. సలహాలిచ్చే ఆర్థికవేత్తల్లో ఈ అలవాటు అరుదు, నాతో సహా.

ఇక చైనా. 1985లో యాంగ్‌జీ నదిలో సాగే ఓడ మీద చైనా సంస్కర్తలకు ఆయన పాఠం చెప్పారు. ఆయన పుస్తకం చైనా భాషలో లక్షకు పైగా ప్రతులు అమ్ముడైంది. తొంభై ఒకటో ఏట, 2019లో, ఒక వ్యాసంలో ఆ రోజులను తలచుకుని, తనలాంటి మేధావులు, నవలలో భూతాన్ని తయారుచేసిన శాస్త్రవేత్త ఫ్రాంకెన్‌స్టైన్‌లా ఇప్పటి చైనా అనే భూతానికి ప్రాణం పోశారని, ఆ నైతిక బాధ్యతలో తనకూ వాటా ఉందని రాశారు. 2021 అక్టోబరులో కన్నుమూశారు.

ఇప్పుడు మీ ప్రశ్నలు వింటాను.