32లో 16 మనవే
(2024 జూన్‌లో నెల్లూరులో జరిగిన ఒక సమావేశంలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులకు, మిత్రులకు నమస్కారం.

నేను నాయకుణ్ణి కాను. ఓటు హక్కు వచ్చినప్పటి నుంచి ఎర్రజెండాకే ఓటేస్తున్నవాణ్ణి. వీలైనప్పుడల్లా అని కలుపుకోవాలి, ఎందుకంటే ఈసారి పొత్తులో నెల్లూరు లోక్‌సభ స్థానం కాంగ్రెస్‌కు పోయింది. అక్షరాస్యత ఉద్యమం నాటి కలెక్టరు కొప్పుల రాజు గారే అభ్యర్థి కాబట్టి హస్తం మీట నొక్కడానికి నా వేలు మరీ మొరాయించలేదు.

జూన్ 4 నుంచి మనవాళ్లలో ఒకటే సంబరం. నాలుగు వందలు దాటుతామన్న బీజేపీ 240 దగ్గర ఆగింది. అయోధ్య ఉన్న ఫైజాబాద్‌లోనే ఓడింది. సంతోషించాల్సిందే, నేనూ సంతోషించాను. కానీ కాస్త కూడికలు, తీసివేతలు చేయండి. మెజారిటీకి 272 కావాలి. తగ్గినవి 32. తెలుగుదేశం గెలిచినవి 16. లోటులో సరిగ్గా సగం మన రాష్ట్రమే పూడ్చింది. జనసేన రెండు సీట్లు అదనం. నెల్లూరు, ఒంగోలు ఆ 16లోనివే. ఉత్తరప్రదేశ్ ఓటరు లాగేసిన కుర్చీని మనం భద్రంగా తెచ్చి మళ్లీ వేశాం. ఇక నాలుగు సీట్ల వైసీపీ సంగతా? 2020లో సాగు చట్టాలకు పార్లమెంటులో మద్దతిచ్చిన పార్టీయే అది. మన 25 మంది ఎంపీలలో ప్రతిపక్ష కూటమి మనిషి ఒక్కరూ లేరు.

ఓటరును తిట్టి లాభం లేదు. అసెంబ్లీకీ, లోక్‌సభకూ ఒకే రోజు పోలింగు. మద్యం, రోడ్లు, భూహక్కు చట్టం, అమరావతి: జనం తీర్పు చెప్పింది తాడేపల్లి నుంచి నడిచిన జగన్ ప్రభుత్వం మీద. ఢిల్లీ సంగతి వారిముందు గట్టిగా పెట్టినవాళ్లెవరు? మనం పెట్టామా అంటే, మన సభలకు మనమే వచ్చాం.

వామపక్షాలకు దేశమంతటా ఎనిమిది సీట్లు. వాటిలో నాలుగు తమిళనాడువి. 2022 దాకా మన జిల్లాలోనే ఉన్న తడ దాటితే వచ్చే రాష్ట్రమే అది. సొంత బలమని మురిసిపోకండి, డీఎంకే పొత్తు పుణ్యం. బెంగాల్‌లో సున్నా.

1955 ఆంధ్ర ఎన్నికల్లో కమ్యూనిస్టులకు 31 శాతం ఓట్లు వచ్చాయి. సీట్లు మాత్రం 196లో 15. అలగానిపాడులో పుట్టిన సుందరయ్య గారి తరం ఎన్నికల పద్ధతిని తప్పుపడితే అందులో న్యాయం ఉంది. నేడు మనకు ఆ ఓట్లలో పదో వంతు కూడా లేదు. పద్ధతిని నిందించే హక్కు మనకు మిగల్లేదు. ఇక 1992లో దూబగుంట మహిళలు సారా దుకాణాల మీదికి వెళ్లిన కథ ఉంది. ఓడిన ప్రతిసారీ దాన్ని చెప్పుకుని ఊరట పడుతున్నాం, అందుకే ఈ రోజు చెప్పను.

ముందున్న పని చిన్నది, చికాకైనది. విశాఖ ఉక్కును అమ్మాలని 2021 జనవరిలో కేంద్రం చేసిన నిర్ణయం ఇంకా రద్దు కాలేదు. 2019, 2020లలో ఆమోదించిన నాలుగు కార్మిక కోడ్‌లు అమలు తేదీ కోసం కాచుకుని ఉన్నాయి. కేంద్రం మన మాట వినదని ఇన్నాళ్లూ మన ఎంపీలు తప్పించుకున్నారు. ప్రభుత్వమే తమ మీద నిలబడ్డాక ఆ మాట చెల్లదు. బడ్జెట్ సమావేశాల లోపే నెల్లూరు, ఒంగోలు ఎంపీలను కలిసి ఈ రెండు విషయాల మీదా రాతపూర్వకంగా జవాబు అడగబోతున్నాం. వినతిపత్రం ఆ బల్ల మీద ఉంది, ఒకటిన్నర పేజీ. పూర్తిగా చదవండి, ఒప్పుకుంటేనే సంతకం పెట్టండి.