గుంత తవ్వే ముందు నేలను కొలవండి

హోస్ట్: నమస్కారం. వానాకాలం వస్తోందంటే ఇంకుడు గుంతలు తవ్విస్తాం. కొన్నింట్లో మాత్రం వాన వెలిసిన మూడు రోజులకు కూడా నీళ్లు అలాగే నిలబడి దోమలు పెరుగుతుంటాయి. భూగర్భ జలాల మీద పనిచేసే ఇంజనీరు మేడమ్ ఈ రోజు మనతో ఉన్నారు. మేడమ్, లోపం ఎక్కడంటారు?

అతిథి: కొలవకుండా తవ్వడంలోనే అండి. ఎంత లోతు, ఎంత కంకర అని అందరూ అడుగుతారు. ఆ నేల గంటకు ఎంత నీరు తాగుతుందని మాత్రం అడగరు. నేలకూ నేలకూ తేడా అంతా ఇంతా కాదు. బాగా తడిసిన ముతక ఇసుకలో రోజుకు 8 మీటర్ల ఎత్తు నీరు దిగిపోగలదు. గట్టి బంకమట్టిలో అయితే ఏడాదికి 3 సెంటీమీటర్లే.

హోస్ట్: ఏడాదికా!

అతిథి: అవును. ఈ లెక్కకు పునాది వేసింది హెన్రీ డార్సీ. ఫ్రాన్స్‌లోని డిజోన్ నగరానికి మంచినీళ్లు తెచ్చిన ఇంజనీరు. నిలువు గొట్టంలో ఇసుక నింపి, నీరు వదిలి, ఎంత ఒత్తిడికి ఎంత నీరు బయటికొస్తోందో కొలిచి 1856లో ప్రచురించారు. ల్యాబుల్లో ఇప్పటికీ ఆ సూత్రమే. పొలంలో అయితే రెండు ఇనుప రింగులు దిగ్గొడతాం. లోపలిది 30 సెంటీమీటర్ల వెడల్పు, బయటిది 60. రెండింట్లోనూ నీరు పోసి, లోపలి రింగులో మట్టం ఎంత తగ్గిందో చూస్తాం.

హోస్ట్: మరి బయటి రింగు దేనికి?

అతిథి: లోపలి నీరు పక్కలకు జారకుండా నేరుగా కిందికి దిగడానికి.

హోస్ట్: ఎంతసేపు చూడాలి?

అతిథి: ఇక్కడే చాలామంది తొందరపడతారు. ఎండిన నల్లరేగడిలో నెర్రెల్లోకి నీళ్లు గడగడా దిగిపోతాయి. భలే ఇంకుతోందనుకుంటాం. మట్టి ఉబ్బి నెర్రెలు మూసుకున్నాక అసలు సంగతి తెలుస్తుంది. పటాన్‌చెరులోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ రేగడి నేలల కొలతల్లో మొదట గంటకు 70 మిల్లీమీటర్ల పైన ఉన్న వేగం, ఆరు రోజులు తడిశాక 0.2 దగ్గరికి పడిపోయింది. అందుకే మొదటి అంకెను నమ్మొద్దంటాను.

హోస్ట్: రింగులు లేనివాళ్లు ఇంటి దగ్గర ఎలా చూసుకోవాలి?

అతిథి: గుంత అడుగు ఎంత లోతుకు వస్తుందో ఆ లోతులోనే కొలవాలి. పైన ఎర్రచల్క ఉన్నా కింద బంకపొర ఉండొచ్చు. అక్కడ ఒక అడుగు వెడల్పున చిన్న గొయ్యి తీయండి. లోతైన గుంతలోకి మాత్రం ఒంటరిగా దిగకండి. గడ్డపార రాసుకుని గోడలు నున్నబడితే మట్టి రంధ్రాలు పూడుకుపోతాయి. మేకుతో గీకి, రాలిన మట్టి ఎత్తేయాలి. రాత్రంతా నీరు నిలిపి, తెల్లారాక జానెడు తేటనీరు పోసి, స్కేలు నిలబెట్టి, అరగంటకోసారి మట్టం రాసుకోండి. ప్రతిసారీ మళ్లీ అదే ఎత్తుకు నింపాలి. వరసగా ఒకే అంకె వస్తుంటే అదీ మీ నేల వేగం. గొయ్యి పక్కల నుంచి కూడా నీరు పోతుంది కాబట్టి అసలు వేగం ఇంకాస్త తక్కువే అనుకోండి.

హోస్ట్: ఎంత వస్తే గుంత పనిచేస్తుంది?

అతిథి: వంద చదరపు మీటర్ల డాబా మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే 2,000 లీటర్లు. గుంత అడుగు రెండు చదరపు మీటర్లనుకుందాం. గంటకు 25 మిల్లీమీటర్లు ఇంకే నేలైతే 40 గంటల్లో ఖాళీ అవుతుంది. రెండే మిల్లీమీటర్లయితే దాదాపు మూడు వారాలు! అలాంటి చోట బంకపొర దాటి మొరంలోకి దిగాలి. లేదంటే ఆ నీటిని సంపులో పట్టుకుని వాడుకోవడం నయం.

హోస్ట్: ఇప్పటికే తవ్వేసినవాళ్లు?

అతిథి: వాన వెలిశాక గోడ మీద నీటిమట్టం దగ్గర గీత గీయండి. మర్నాడు అదే వేళకు ఎంత దిగిందో చూడండి. పోయినేడు ఇంకినంత ఈ ఏడు ఇంకకపోతే చాలాసార్లు పైన ఒండ్రు పేరుకుని ఉంటుంది. పై ఇసుక పొర తీసి, కడిగి, మళ్లీ వేయించండి.